దయ ఎవరి గడప తొక్కుతుంది? చిలకలూరిపేట నుంచి నందికొట్కూరు దాకా

1997 మార్చి 29 తెల్లవారుజామున రాజమండ్రి సెంట్రల్ జైల్లో ఇద్దరు దళిత యువకుల్ని ఉరితీయడానికి ముహూర్తం పెట్టారు. ఒకరి పేరు చలపతిరావు, ఇంకొకరి పేరు విజయవర్ధనరావు. గుంటూరు జిల్లా చిలకలూరిపేట బస్సు దహనం కేసులో శిక్ష పడ్డవాళ్ళు. రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మ వాళ్ళ క్షమాభిక్ష అర్జీని అప్పటికే తిరస్కరించారు. చివరి ఘడియలో సుప్రీంకోర్టు స్టే ఇవ్వబట్టి ఆ ఉరి ఆగింది.

ఆ మర్నాడు, మార్చి 30న, ఢిల్లీలో ఇంకో సంగతి జరిగింది. దేవెగౌడ ప్రభుత్వానికి ఇస్తున్న మద్దతు ఉపసంహరించుకుంటున్నట్టు కాంగ్రెస్ ప్రకటించింది. 1996 ఎన్నికల్లో ఎవరికీ మెజారిటీ రాలేదు. వచ్చిన సీట్లన్నీ కలిపి కుట్టిన బొంత యునైటెడ్ ఫ్రంట్. దాని కన్వీనరు మన ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడే. ఏప్రిల్ 11న దేవెగౌడ దిగిపోయారు, 21న గుజ్రాల్ వచ్చారు. దేశ రాజకీయ చరిత్ర రాసేవాళ్ళకి ఆ వారమంటే మద్దతులు, ఉపసంహరణలు, బలనిరూపణలు. ఆ చరిత్రల్లో రాజమండ్రి జైలు లేదు. ఉండాలని మేం అంటున్నాం. ఎందుకంటే ఉరిశిక్ష పడ్డవాడి ఫైలు మీద సంతకం రాష్ట్రపతిదే అయినా, ఆ సంతకం ఎటు పోవాలో చెప్పేది మంత్రివర్గం. మంత్రివర్గాన్ని నిలబెట్టేదీ కూలగొట్టేదీ ఓట్ల లెక్క. ఆ లెక్కలో మాలపల్లె, మాదిగపల్లె ఎక్కడ నిలబడ్డాయన్నదే ఈ వ్యాసం.

ముందు కేసు సంగతి దాచుకోకుండా చెప్పుకోవాలి. 1993 మార్చి 8 తెల్లవారుజామున చిలకలూరిపేట దగ్గర ఆర్టీసీ బస్సు తగలబడి 23 మంది ప్రయాణికులు చనిపోయారు. ప్రయాణికుల్ని దోచుకోవాలని పథకం వేసుకుని, పెట్రోలు పోసి నిప్పంటించారని వీళ్ళిద్దరి మీద కేసు. గుంటూరు సెషన్స్ కోర్టు ఉరిశిక్ష వేసింది, హైకోర్టు ఖాయం చేసింది, 1996 ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా అదే మాట చెప్పింది. రాత్రి బస్సులో నిద్రపోతూ పోయే జనం ఎవరో మా ప్రాంతం వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. పనికోసం వెళ్ళొచ్చేవాళ్ళు, పత్తి బేరానికి, మిరప బేరానికి, ఆస్పత్రికి తిరిగేవాళ్ళు, పెళ్ళికో చావుకో పోయేవాళ్ళు. వాళ్ళ చావుని చిన్నది చేసి చూపించే హక్కు మాకు లేదు. దళితులు చేశారు కాబట్టి అది నేరం కాదని ఎవరైనా అంటే ఆ మాటతో మాకు పొత్తు లేదు.

లా చదివే పిల్లలకి ఈ కేసు ఇప్పటికీ సాక్ష్య చట్టం పాఠంలో వస్తుంది. కాలిన గాయాలతో ఆస్పత్రిలో ఉన్నవాళ్ళు మేజిస్ట్రేటుకి వాంగ్మూలం ఇచ్చారు. అట్లా ఇచ్చినవాళ్ళలో కొందరు బతికారు. మనిషి బతికితే అది మరణ వాంగ్మూలం ఎట్లా అవుతుంది, కాదు, ఆ మనిషి కోర్టుకొచ్చి చెప్పినదానికి ఊతంగా మాత్రమే పనికొస్తుంది అని సుప్రీంకోర్టు తేల్చింది. ఘటనకీ వాంగ్మూలానికీ మధ్య సమయం గడిచిపోయింది కాబట్టి ఘటనలో భాగంగా కూడా దాన్ని తీసుకోలేం అంది. తీర్పులో ఈ ముక్క పాఠమైంది. ఆ తర్వాత ఆ ఇద్దరి అర్జీకి ఏమైందో ఆ పాఠంలో ఉండదు. తీర్పుతో కేసు అయిపోయిందనుకోవడం వకీళ్ళ అలవాటు. పల్లె జనానికి అసలు కథ తీర్పు తర్వాతే మొదలవుతుంది.

హక్కుల సంఘాలు ఆ రోజుల్లో వేసిన ప్రశ్న ఇది: వాళ్ళు వెళ్ళింది దోపిడీకి, 23 మందిని చంపడానికి కాదు, పేదరికంలోంచి, తెలివితక్కువతనంలోంచి పుట్టిన ఆ ఘోరానికి మళ్ళీ రెండు చావులు జవాబా? ఊళ్ళకి ఊళ్ళు కట్టకట్టుకుని, ముందే అనుకుని, గొడ్డళ్ళతో బరిసెలతో వెంటాడి దళితుల్ని చంపినవాళ్ళకి ఈ జిల్లాల్లో ఏ ఒక్కరికైనా ఉరి ఖాయమైందా? ఈ రెండో ప్రశ్న దగ్గరే మేం ఆగి, కొంచెం వెనక్కి వెళ్ళాలనుకుంటున్నాం. దానికంటే ముందు మాట ఒకటి.

ఆ మాటే క్షమాభిక్ష. మన తెలుగు పత్రికలు ఎప్పట్నుంచో ఇదే రాస్తున్నాయి. రాజ్యాంగం 72వ అధికరణ రాష్ట్రపతికి, 161వ అధికరణ గవర్నరుకి ఇచ్చింది శిక్షని రద్దు చేసే, తగ్గించే, మార్చే అధికారం. అందులో భిక్ష ఎక్కడా లేదు. న్యాయస్థానం కూడా పొరపాటు పడొచ్చు కాబట్టి పొరపాటు దిద్దడానికి పెట్టుకున్న ఏర్పాటు అది. కానీ భిక్ష అనే మాట మా ప్రాంతంలో ఊరికే అతుక్కోలేదు. ఊరి రచ్చబండ దగ్గర పెద్దమనుషుల పంచాయితీ చూసినవాళ్ళకి తెలుసు. తప్పు ఎవరిదైనా మాదిగోడు చేతులు కట్టుకుని నిలబడాలి, తప్పు కట్టాలి, కాళ్ళమీద పడాలి. అప్పుడు పెద్దాయన 'సరే పోరా' అంటాడు. అదీ దయ. దయ చూపించినవాడు పెద్దోడవుతాడు, పొందినవాడు జన్మంతా బాకీ పడతాడు. ఢిల్లీలో ఉన్నది ఈ రచ్చబండే అని మేం అనడం లేదు. కానీ ఢిల్లీకి అర్జీ రాసే మనిషి ఆ రచ్చబండ మీద నేర్చుకున్న మాటలతోనే రాస్తాడు కదా.

రాష్ట్రపతి తన ఇష్టప్రకారం దయ చూపించలేడని, మంత్రివర్గం సలహాకి కట్టుబడాలని 1980లో మారూరాం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇది మంచిదే అనిపిస్తుంది, రాజుగారి దయ కాకుండా ప్రజలెన్నుకున్న ప్రభుత్వం బాధ్యత అవుతుంది కాబట్టి. కానీ ప్రజలెన్నుకున్న ప్రభుత్వం అంటేనే ఎన్నిక. ఎన్నికలో గొడవొస్తే, ఓడినవాళ్ళు ఒప్పుకోకపోతే, గెలిచినవాళ్ళకి భయం పట్టుకుంటే, దయ ఎటు పోతుంది?

దానికి మన రాష్ట్రం 1975లోనే జవాబు చూసింది. ఆ సంవత్సరం జూన్ 12న అలహాబాద్ హైకోర్టు రాయ్‌బరేలీలో ఇందిరాగాంధీ ఎన్నిక చెల్లదంది. జూన్ 25 రాత్రి రాష్ట్రపతి ఫకృద్దీన్ అలీ అహ్మద్ ఎమర్జెన్సీ మీద సంతకం పెట్టారు. తర్వాత ఆగస్టులో పార్లమెంటు ఎన్నికల చట్టాన్నే వెనకటి తేదీనుంచి అమలయ్యేట్టు మార్చేసింది. ఏ పనులవల్ల ఆమె ఎన్నిక రద్దయిందో అవి అసలు తప్పులే కాకుండా పోయాయి. ప్రధానమంత్రి ఎన్నిక మీద కోర్టులకి అధికారమే లేదంటూ 39వ రాజ్యాంగ సవరణ కూడా వచ్చింది. సుప్రీంకోర్టు ఆ సవరణలో ముఖ్యమైన ముక్కని కొట్టేసింది, కానీ మారిన చట్టం ప్రకారం నవంబరు 7న ఆమె ఎన్నిక చెల్లుతుందంది. దీన్ని క్షమాభిక్ష అని ఎవరూ అనలేదు. అర్జీ పెట్టుకోనక్కర్లేదు, కాళ్ళు పట్టుకోనక్కర్లేదు, చట్టమే వెనక్కి నడిచొచ్చి తప్పుని తుడిచి వెళ్ళింది.

నవంబరు 7 తర్వాత సరిగ్గా ఇరవై నాలుగు రోజులకి, డిసెంబరు 1న, హైదరాబాదు ముషీరాబాదు జైల్లో భూమయ్యని, కిష్టాగౌడ్‌ని ఉరితీశారు. ఆదిలాబాద్ జిల్లా రైతాంగ ఉద్యమకారులు వాళ్ళు. క్షమించమని దేశమంతటా విజ్ఞప్తులు వెళ్ళాయి, విదేశాల్నుంచీ వెళ్ళాయి. ఎమర్జెన్సీలో సభ లేదు, ఊరేగింపు లేదు, పత్రిక మీద సెన్సారు. అడిగే నోళ్ళు చాలా వరకు జైళ్ళలో ఉన్నాయి. ఒకే రాష్ట్రపతి, ఒకే సంవత్సరం. గెలుపు వివాదంలో పడ్డ ప్రధానికి ఒక సంతకం, ఇద్దరు రైతులకి ఇంకో సంతకం.

ఇక్కడ మాకు ఇబ్బందైన నిజం ఒకటుంది. 1977లో ఉత్తరాదిలో కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోతే, ఆంధ్రప్రదేశ్‌లో 42 లోక్‌సభ సీట్లలో 41 ఆ పార్టీకే వచ్చాయి. ఆ ఓట్లలో మా పల్లెల ఓట్లున్నాయి. ఇంటి స్థలం, భూమి పట్టా, బ్యాంకు అప్పు అనే మాటలు మొదటిసారి పల్లె చెవిన పడ్డది ఆమె పేరుతోనే. భూమయ్య ఉరి గురించి మా పెద్దవాళ్ళకి ఎవరూ చెప్పలేదు. చెప్పినా ఓటు మారేదా? మారేది కాదనే మా అనుమానం. అందుకని పల్లెని తప్పుబట్టేవాళ్ళు, పల్లెకి ఆనాడు ఇంకేం మిగిలిందో కూడా చెప్పాలి.

ఇక మా నల్లరేగడి మీదకొస్తాం. పత్తి, మిరప, పొగాకు ఈ నేలకి డబ్బు తెచ్చాయి. ఆ డబ్బు రైసు మిల్లులయింది, స్పిన్నింగు మిల్లులయింది, సినిమా హాళ్ళయింది, చివరికి రాజకీయ పార్టీ అయింది. పత్తి తీసే చేతులు, మిరపకాయలు కోసి కళ్ళు మండించుకునే చేతులు మాత్రం పల్లెలోనే ఉన్నాయి. 1987-88లో తెల్లదోమ పత్తిని పీల్చేసినప్పుడు ఈ జిల్లాల్లో రైతులు పురుగుమందు తాగి చనిపోయారు. దాని మీద చాలా రాశారు, రాయాల్సిందే. ఆ ఏడు పత్తితీత కూలి లేక పల్లెలు ఏం తిన్నాయో రాసినవాళ్ళు తక్కువ.

1984 ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ ఎన్.టి. రామారావు ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి, మా గుంటూరు జిల్లా నాయకుడు నాదెండ్ల భాస్కరరావుని ముఖ్యమంత్రిని చేశారు. నెల తిరిగేసరికి జనం ఒత్తిడికి ఆయన దిగిపోయారు. 1985 మార్చి ఎన్నికల్లో తెలుగుదేశానికి 202 సీట్లొచ్చాయి. ప్రజాస్వామ్యం గెలిచిందని దేశమంతా రాసింది. నాలుగు నెలలు తిరిగాయి. జూలై 17న ముఖ్యమంత్రి వియ్యంకుడు దగ్గుబాటి చెంచురామయ్య ఊరైన కారంచేడులో మాదిగపల్లె మీద అగ్రకుల భూస్వాములు దాడిచేసి ఆరుగుర్ని చంపారు, ఆడవాళ్ళని చెరిచారు. ముందురోజు మంచినీళ్ళ చెరువుని గేదెల కుడితి నీళ్ళతో పాడుచెయ్యొద్దని అడ్డం వచ్చి, కొట్టబోయినవాళ్ళ మీదికి బిందె ఎత్తిన ఒక మాదిగ స్త్రీ ధైర్యానికి అది ప్రతీకారం. గెలిచిన ఎన్నిక ఇచ్చిన ధీమా ఆ దాడిలో లేదని ఎవరైనా అంటే మేం నమ్మం. ఓటు పల్లెది ఒకవైపు, ఊరిది ఇంకోవైపు పడ్డప్పుడు ఆ కక్ష ఎన్నికల రోజుతో తీరదు.

బతికినవాళ్ళు చీరాల చేరారు. శిబిరం వేసుకుని కూర్చున్నారు, పరిహారం పారేసి ఊళ్ళోకి పొమ్మంటే పోలేదు. అదే సెప్టెంబరులో దళిత మహాసభ పుట్టింది. కత్తి పద్మారావు, బొజ్జా తారకం పేర్లు అప్పుడే పల్లెపల్లెకీ తెలిశాయి. చెంచురామయ్యని 1989 ఏప్రిల్లో పీపుల్స్ వార్ చంపింది. కోర్టు మాత్రం తన దారిన తాను నడిచింది. కింద కోర్టు వేసిన శిక్షల్ని హైకోర్టు కొట్టేసింది. 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒకరికి యావజ్జీవం, 29 మందికి మూడేళ్ళ జైలు ఖాయం చేసింది. ఆరు హత్యలకి ఇరవై మూడేళ్ళ తర్వాత ఇదీ లెక్క.

కారంచేడు తెలుగుదేశం పాలనలో జరిగింది, కాంగ్రెస్ అయితే జరిగేది కాదు అనుకున్నవాళ్ళకి 1991 ఆగస్టు 6న చుండూరు జవాబు చెప్పింది. రాష్ట్రంలో కాంగ్రెస్, ఢిల్లీలో కాంగ్రెస్, ప్రధానమంత్రి తెలుగువాడు. లోక్‌సభ ఎన్నికలు ముగిసి రెండు నెలలు కాలేదు. సినిమా హాల్లో కాలు తగిలిందన్న గొడవని సాంఘిక బహిష్కరణ దాకా, బహిష్కరణని ఊచకోత దాకా తీసుకెళ్ళారు. ఎనిమిదిమందిని చంపి కొందరి శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవల్లో పడేశారు. పోలీసులు ఊళ్ళోనే ఉన్నారు. దళితులు పోరాడి చుండూరులోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. దాని మీద సుప్రీంకోర్టుకి వెళ్ళారు.

మేం చెప్పొచ్చేది ఇది. పై రెండు కేసుల్లో ఏ పెత్తందారూ రాష్ట్రపతికి అర్జీ రాసుకోవాల్సిన అవసరం రాలేదు. సాక్షి భయపడితే అది ఒక క్షమ, దర్యాప్తు నత్తనడక నడిస్తే ఇంకో క్షమ, ఇన్నేళ్ళు గడిచాయి కదా అన్న మాట ఇంకో క్షమ. ఇట్లా చిల్లరగా అందాల్సినదంతా అందిపోయాక పెద్ద సంతకంతో పనేముంది? బీహార్లోనూ ఇంతే. 1997 డిసెంబరు 1న లక్ష్మణ్‌పూర్ బాథేలో 58 మంది దళితుల్ని చంపిన కేసులో 2013లో పాట్నా హైకోర్టు శిక్షపడ్డవాళ్ళందర్నీ వదిలేసింది. అదే బీహార్లో 1992 బారా హత్యల కేసులో ఉరిశిక్ష పడ్డవాళ్ళు నలుగురు, వాళ్ళలో ఎక్కువమంది దళితులు. వాళ్ళ అర్జీ ఏళ్ళ తరబడి ఎక్కడో ఇరుక్కుపోయి, 2017 జనవరిలో ప్రణబ్ ముఖర్జీ చేతిమీదుగా ఉరి కాస్తా యావజ్జీవమైంది. 2016లో ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉరిశిక్ష ఖైదీల్ని కలిసి రాసిన నివేదికలో వాళ్ళలో నూటికి డెబ్బై నాలుగు మంది పేదవాళ్ళని తేలింది. పైకోర్టు మెట్ల దాకా మిగిలేది ఎవరో దీన్నిబట్టే తెలుస్తోంది.

ఇప్పుడు రాజమండ్రికి తిరిగొద్దాం. స్టే వచ్చాక దేశవ్యాప్తంగా ఉద్యమం నడిచింది. హక్కుల సంఘాలు, రచయితలు, దళిత సంఘాలు మళ్ళీ రాష్ట్రపతికి రాశారు. ఒకసారి తిరస్కరించిన అర్జీని మళ్ళీ తెరిపించడం చిన్న పని కాదు. ఈలోగా రాష్ట్రపతి మారారు. 1997 జూలైలో కె.ఆర్. నారాయణన్ టి.ఎన్. శేషన్ మీద నూటికి తొంభై అయిదు వంతుల ఓట్ల విలువతో గెలిచారు. ఆ పదవిలోకొచ్చిన మొదటి దళితుడు. 1998లో ఆ ఇద్దరి ఉరిశిక్ష యావజ్జీవమైంది.

దళిత రాష్ట్రపతి వచ్చాడు కాబట్టి దళితుల్ని కాపాడాడు అని అప్పుడూ ఇప్పుడూ అనేవాళ్ళున్నారు. ఇది సగం నిజం కూడా కాదు. ఫైలు రాష్ట్రపతి భవన్‌కి ఒంటరిగా వెళ్ళదు, హోంశాఖ దాన్ని చుట్టుకుని వెళ్తుంది. ఆ ఫైలుని కదిలించింది వీధుల్లో తిరిగిన జనం. నారాయణన్ మనసు పెట్టి చదివి ఉండొచ్చు, అది ఆయన గొప్ప. కానీ దయని ఒక మనిషి కులంలో వెతుక్కోవడం మొదలుపెడితే, రేపు ఇంకో కులం మనిషి ఆ కుర్చీలో కూర్చుంటే మనం ఏ మొహంతో అడుగుతాం? ఈ ప్రశ్నకి ఏడేళ్ళలోనే జవాబు దొరికింది, అదీ మన రాష్ట్రంలోనే.

నందికొట్కూరు 2022 దాకా కర్నూలు జిల్లాలో ఉండేది. మా మిరప తోటలకి దూరం, కానీ హైదరాబాదు సెక్రటేరియట్ ఆనాడు అందరికీ ఒకటే. అక్కడి కాంగ్రెస్ నాయకుడు గౌరు వెంకటరెడ్డికి తెలుగుదేశం పక్షం వాళ్ళ హత్య కేసులో పదేళ్ళ శిక్ష పడింది. సుప్రీంకోర్టు దాకా ఆ శిక్ష నిలబడింది. 2004 ఎన్నికల్లో ఆయన భార్య గౌరు చరిత కాంగ్రెస్ తరపున శాసనసభకి గెలిచారు. రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. భర్తకి క్షమాభిక్ష కోరుతూ ఆమె అర్జీ పెట్టుకున్నారు. ప్రభుత్వం మారకముందు ఆయన బయటికొస్తే శాంతిభద్రతలకి ముప్పని రాసిన అధికారగణం, మారాక ఫర్వాలేదని రాసింది. ఒక నివేదికలో ఆయన మంచి కాంగ్రెస్ కార్యకర్త అన్న మాట కూడా ఉంది. 2005 ఆగస్టులో గవర్నరు దాదాపు ఏడేళ్ళ మిగులు శిక్షని రద్దు చేశారు. ఆ గవర్నరు సుశీల్ కుమార్ షిండే. ఆయనా దళితుడే. సంతకం చేసిన చెయ్యి ఎవరిదన్నది కాదు, ఆ చేతిని పట్టుకుని దిద్దించిందెవరన్నది లెక్క.

ఆ ఫైలు ఎంత తొందరగా నడిచిందో చూడండి. కర్నూలు నుంచి హైదరాబాదు చేరడానికి దానికి ఉద్యమం అక్కర్లేదు, సంతకాల సేకరణ అక్కర్లేదు, జైలు గోడ బయట అర్ధరాత్రి వకీళ్ళు పరుగెత్తక్కర్లేదు. ఒక ఎన్నిక చాలు. ఓడిన పక్షానికి పోయిన ప్రాణాలు, గెలిచిన పక్షానికి వచ్చిన సీటు, రెండూ తక్కెట్లో వేస్తే సీటే బరువు తూగింది.

హతుల కుటుంబాల వాళ్ళు కోర్టుకెక్కారు. 2006 అక్టోబరు 11న ఏపూరు సుధాకర్ కేసులో సుప్రీంకోర్టు గవర్నరు ఉత్తర్వుని కొట్టేసింది. అర్జీని మళ్ళీ పరిశీలించుకోవచ్చంది కూడా. మతం, కులం, రాజకీయ విధేయత చూసి క్షమించడం కుదరదని, అట్లా చేస్తే అది చట్టబద్ధ పాలనకే దెబ్బని న్యాయమూర్తులు రాశారు. క్షమాభిక్ష గురించి ఈ దేశంలో ఎవరు వాదించినా ఇప్పుడు ఈ తీర్పు చెప్పుకుంటారు. మేమూ చెప్పుకుంటాం. కానీ ఆ వాక్యంతో మాకు ఒక తగువుంది.

రాజకీయ విధేయతని, కులాన్ని ఒకే గాటన కట్టొచ్చా? ఎమ్మెల్యే భర్తకి దయ చూపించినప్పుడు లోపల పనిచేసింది పలుకుబడి. పలుకుబడికి మా ప్రాంతంలో కులం పేరుంది, పొలం పేరుంది, మిల్లు పేరుంది. చలపతిరావు, విజయవర్ధనరావుల అర్జీలో కులం ఎందుకొచ్చింది? మంచి వకీలు లేనందుకు, చదువు మధ్యలో పోయినందుకు, జైలు బయట మాట్లాడే పెద్దమనిషి లేనందుకు కులం ఒక కారణం కాబట్టి వచ్చింది. మొదటిదాంట్లో కులం నిచ్చెన, రెండోదాంట్లో కులం గొయ్యి. కులం చూడకూడదని కళ్ళు మూసుకుంటే నిచ్చెన ఎక్కేవాడు ఆగడు, వాడికి చూపుతో పనిలేదు. గొయ్యిలో ఉన్నవాడే కనిపించకుండా పోతాడు. శిక్ష వేసేముందు మనిషి పుట్టుపూర్వం, పేదరికం చూడాలని కోర్టులే చాలాసార్లు చెప్పాయి కదా. ఆ పుట్టుపూర్వంలో కులం ఒక్కదాన్నే తీసేసి చూడమంటే ఎట్లా చూస్తారు?

అంబేద్కర్ ఈ చిక్కుని ఇంకోవైపునుంచి పట్టుకున్నారు. 1949 జూన్‌లో రాజ్యాంగ సభలో ఉరిశిక్ష పడ్డవాళ్ళకి సుప్రీంకోర్టుకి అప్పీలు హక్కు ఉండాలా అన్న చర్చ వచ్చినప్పుడు, దానికంటే ఉరిశిక్షనే ఎత్తేయడం మేలని ఆయన అన్నారు. అహింస గురించి ఇంతగా చెప్పుకునే దేశం ఆ పని చేయొచ్చు కదా అని గుర్తుచేశారు. భిక్ష ఎవరికి వేయాలన్న తగువులోకి ఆయన దిగలేదు, భిక్షాపాత్ర అవసరమే లేకుండా చేద్దామన్నారు. సభ వినలేదు.

ఇది మన దేశానికే పట్టిన జాడ్యం కాదు. 2020లో ఓడిన ఎన్నికని డొనాల్డ్ ట్రంప్ ఒప్పుకోలేదు. 2021 జనవరి 6న ఆయన మద్దతుదార్లు అమెరికా పార్లమెంటు భవనం మీదపడ్డారు. 2025 జనవరి 20న మళ్ళీ అధ్యక్షుడైన రోజే ఆ కేసుల్లో దాదాపు 1,500 మందిని ఆయన క్షమించేశాడు. అక్కడ మంత్రివర్గం సలహా అనే తెర కూడా లేదు. మనకి ఆ తెరుంది, నందికొట్కూరు ఫైలు ఆ తెరలోంచే నడిచొచ్చింది. కాకపోతే మన దగ్గర కోర్టు ఆ ఉత్తర్వుని ఒకసారి చించగలిగింది. ఆ తేడాని తక్కువ చేయడం మాకిష్టం లేదు.

మా జిల్లాల సంగతి. 2024 మే 13 పోలింగు నాడు, ఆ తర్వాత రోజుల్లో పల్నాడులో రెండు పక్షాలూ కొట్టుకున్నాయి. ఎన్నికల సంఘం జిల్లా పోలీసు అధికారుల మీద చర్య తీసుకుంది, ప్రత్యేక దర్యాప్తు బృందం వచ్చింది. ఇట్లాంటి కేసులు ప్రభుత్వాలు మారినప్పుడల్లా ఏమవుతాయో పాతవాళ్ళకి తెలుసు. ఒక పక్షం కేసులు ఉపసంహరించుకోవడానికి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 321వ సెక్షను ఉండేది, కొత్త సంహితలోనూ ఆ ఏర్పాటుంది. ఇది క్షమాభిక్షకి చిన్న తమ్ముడు, శిక్ష పడకముందే వచ్చే దయ. నాయకుల కేసులు అట్లా పోతాయి. వాళ్ళ వెనక జెండా మోసిన పల్లె కుర్రాళ్ళ పేర్లు చార్జిషీట్లో మిగిలిపోతాయి, వాయిదాకి పోవాలంటే ఒక రోజు కూలి పోతుంది. చిలకలూరిపేట 2022 నుంచి పల్నాడు జిల్లాలో ఉంది, కారంచేడు, చుండూరు బాపట్ల జిల్లాలోకి వెళ్ళాయి. జిల్లాల పేర్లు మారాయి, రికార్డు గదులు చెల్లాచెదురయ్యాయి.

అందుకే మేం ఒక పని మొదలుపెట్టాలనుకుంటున్నాం. గుంటూరు, ప్రకాశం పాత జిల్లాల్నుంచి శిక్షపడి గవర్నరుకో రాష్ట్రపతికో అర్జీ పెట్టుకున్న దళితుల అర్జీల నకళ్ళు పోగుచేయాలి. ఎవరు రాసిపెట్టారు, ఎన్నేళ్ళకి జవాబొచ్చింది, జవాబు ఏ భాషలో వచ్చింది, దాన్ని ఇంట్లో చదివిపెట్టింది ఎవరు. స్వాతంత్ర్య దినానికీ గణతంత్ర దినానికీ ప్రభుత్వం ఇచ్చే శిక్ష తగ్గింపు జీవోల్లో ఎవరి పేరుంది, ఎవరి పేరు పోయింది. బస్సులో చనిపోయిన 23 మంది కుటుంబాల్ని కూడా వెతకాలి. ఉరి వేయమన్నవాళ్ళూ వద్దన్నవాళ్ళూ వాళ్ళ పేరు చెప్పుకున్నారు గానీ వాళ్ళని వెళ్ళి అడిగినట్టు రాతలో మాకెక్కడా కనబడలేదు. ఈ కాగితాలు ఎవరి ట్రంకుపెట్టెలో ఉన్నా, నలిగినా చిరిగినా, నకలు తీసుకుని భద్రంగా తిరిగి ఇస్తాం.